సంతకం ఒకడిది, స్టీరింగ్ ఒకడిది

నలుగురు స్నేహితులు యూరప్‌లో కారేసుకుని తిరుగుదామనుకోగానే ముందు వాట్సాప్ గ్రూపు పుడుతుంది. అందులో ఆల్ప్స్ కొండల ఫొటోలు పెట్టేవాడొకడు, "అక్కడ చలెంత ఉంటుందిరా?" అని పూటకోసారి అడిగేవాడొకడు, ఏమడిగినా బొటనవేలు చూపించి పడుకునేవాడొకడు ఉంటారు. ఫారాలు నింపేవాడు మాత్రం ఏ గ్రూపులోనైనా ఒక్కడే. మా గ్రూపులో వాడు రిటైరైన బ్యాంకు మేనేజరు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా, ఏ రాత్రి ఏ ఊళ్ళో పడుకుంటామో చెప్పే పట్టిక... షెంగెన్ వీసా అడిగే కాగితాలన్నీ చూసి వాడి మొహం విప్పారింది. "నిద్రొచ్చిన ఊళ్ళో పడుకుంటామని రాసెయ్‌రా" అన్నాడు మా భీమవరం కాంట్రాక్టరు. అలా రాయలేదు గనకే వీసాలొచ్చాయి.

తర్వాత పచ్చళ్ళ పంచాయతీ. యూరోపియన్ యూనియన్ బయటినుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసినవేవీ తేకూడదు. అంటే చికెన్ పచ్చడి పోయింది, నెయ్యి డబ్బా కూడా పోయింది. మేనేజరు ఈ రూలు చదివి వినిపిస్తుంటే ఇంట్లో ఎవరో పోయినంత నిశ్శబ్దం. అయితే ఆ రూల్లోనే చేపలు, రొయ్యలు మనిషికి 20 కిలోల దాకా తెచ్చుకోవచ్చని ఉంది. రొయ్యల చెరువు గట్టున పుట్టిన కాంట్రాక్టరుకి ఆ క్షణంలో యూరప్ మీద కలిగిన గౌరవం ఈఫిల్ టవరు చూశాక కూడా కలగదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, అద్దె కారు కౌంటరు దగ్గరికి వెళ్ళాం. అసలు కథ అక్కడుంది. కారు ఇవ్వాలంటే లైసెన్సు, ఇంటర్నేషనల్ పర్మిటు, క్రెడిట్ కార్డు మూడూ ఒకే పేరు మీద ఉండాలన్నారు. మారేడుమిల్లి ఘాట్‌లో లారీల మధ్య రాత్రిపూట కారు నడిపే కాంట్రాక్టరుకి క్రెడిట్ కార్డు లేదు. వాడి దృష్టిలో కార్డంటే అప్పు, అప్పంటే పరువు తక్కువ. జేబులో యూరోల కట్ట తీసి చూపించాడు. కౌంటరులో అమ్మాయి దాన్ని చూసిన చూపులో జాలే ఎక్కువ. మూడూ ఉన్నది మేనేజరు దగ్గర. కాగితమన్నది ఏదీ వదలడు గనక పర్మిటు కూడా తీసిపెట్టుకున్నాడు. కారు మాత్రం ఎప్పుడూ నడిపింది లేదు. సర్వీసంతా బ్యాంకు డ్రైవరే తిప్పాడు, రిటైరయ్యాక స్కూటరు.

అలా వాడు అసలు డ్రైవరూ, కాంట్రాక్టరు రోజువారీ ఫీజు కట్టిన అదనపు డ్రైవరూ అయ్యారు. తాళం మేనేజరు చేతికిచ్చి శుభయాత్ర చెప్పారు. పార్కింగ్‌లోకి వెళ్ళి, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకున్నాకే వాడు తాళం చేతులు మార్చాడు. ఆ రోజు నుంచి మేనేజరు కారు తనదే అన్నట్టుండేవాడు.

మేం బుక్ చేసినప్పుడు బొమ్మలో పెద్ద కారుంది, కింద చిన్న అక్షరాల్లో "లేదా ఈ తరహా కారు" అనీ ఉంది. వచ్చింది ఆ తరహాది. నాలుగు పెద్ద సూట్‌కేసుల్లో డిక్కీలో రెండు పట్టాయి. మూడోదాన్ని వెనక సీట్లో మధ్య మనిషిగా కూర్చోబెట్టాం. నాలుగోదాన్ని నా కాళ్ళ దగ్గర ఇరికించారు. రైస్ కుక్కరు మా నాలుగోవాడు, ఫిజిక్స్ లెక్చరర్ ఒళ్ళో కూర్చుంది.

ఏ5 ఆటోబాన్ ఎక్కాం. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, ప్రయాణం కుడివైపు. గేరు మార్చాల్సినప్పుడల్లా కాంట్రాక్టరు ఎడమ చెయ్యి తలుపు తడిమేది. ఇండికేటరు వేద్దామంటే వైపరు లేచేది. ఆకాశంలో మబ్బు తునక లేదు, అయినా జర్మనీ అంతా అద్దం తుడుచుకుంటూ వెళ్ళాం. ముందు కుడి సీట్లో, అంటే మన దగ్గర డ్రైవరు కూర్చునే చోట, నేను లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాను.

సరిగ్గా అప్పుడే లెక్చరర్ గొంతు సవరించుకున్నాడు. "ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి డార్మ్‌స్టాట్ వెళ్ళే ఈ రోడ్డు మీదే 1938 జనవరి 28న రుడోల్ఫ్ కరాచియోలా మెర్సిడెస్‌లో గంటకి 432.7 కిలోమీటర్ల వేగంతో వెళ్ళాడురా. పబ్లిక్ రోడ్డు మీద ఆ రికార్డు 2017 దాకా చెక్కుచెదరలేదు." కాంట్రాక్టరు మీటరు చూశాడు. 80. ముందు లారీ ఉంది, లారీలకి అక్కడ హద్దు 80. కార్లకి చాలాచోట్ల హద్దే లేదు, 130 దాటొద్దని సలహా మాత్రమే. "అదే రోజు ఆ రికార్డు కొట్టబోయి రోజ్‌మేయర్ అనే ఇంకో రేసరు ఇక్కడే పోయాడు" అని లెక్చరర్ పూర్తిచేశాడు. దాంతో మీటరు 75కి దిగింది.

"నెమ్మదిరా, సంతకం నాది" అన్నాడు వెనకనుంచి మేనేజరు.

కేల్ దగ్గర రైన్ నది దాటితే స్ట్రాస్‌బర్గ్, అంటే ఫ్రాన్స్. వంతెన రాకముందే మేనేజరు ఫైలు తీసి, పాస్‌పోర్టులు వరసగా పేర్చి, తల దువ్వుకుని కూర్చున్నాడు. వంతెన వచ్చింది, వెళ్ళింది. ఆ పూట ఎవ్వరూ ఆపలేదు. అంత ఫైలు తయారుచేసినవాడికి దేశం మారిన సంగతి బోర్డు చూసి తెలుసుకోవలసి రావడం అన్యాయమే.

మీరూ వెళ్ళేటట్టుంటే లైసెన్సు, క్రెడిట్ కార్డు, నడపడం ఈ మూడూ ఒకే ఒంట్లో ఉన్న స్నేహితుణ్ణి ముందు వెతికి పట్టుకోండి. దొరక్కపోతే రైలెక్కండి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కి రైళ్ళున్నాయి, ఎక్కడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.