మా చిన్నమ్మ బాండ్ల సొమ్ము చెల్లించండి: ఒక కంపెనీ యాజమాన్యానికి బహిరంగ లేఖ



ఈ ఉత్తరంలో మీ కంపెనీ పేరు రాయడం లేదు. వినియోగదారుల కమిషన్ ముందు కేసు నడుస్తోంది, తేల్చాల్సింది వాళ్లు. అయినా నాలుగు వాక్యాలు చదివేసరికి ఇది ఎవరికి రాసిందో మీకు అర్థమవుతుంది. ఫిర్యాదులో రాయడానికి వీలుకాని సంగతులు కొన్ని మిగిలిపోయాయి. అవి కూడా మీకు తెలియాలని రాస్తున్నాను.

మా చిన్నాయన పరేల్‌లో బట్టల మిల్లు కార్మికుడు. కరీంనగర్ జిల్లా నుంచి చిన్నవయసులోనే బొంబాయి చేరిన పద్మశాలి. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో మొదలైన సమ్మె ఆయన బతుకును రెండు ముక్కలు చేసింది. తర్వాత మిల్లు నడిచీ నడవక ఈడ్చుకొచ్చి, 1990ల నడుమ లెక్క తేల్చి పంపించింది. చేతికొచ్చిన ఆ కాస్త డబ్బులో కొంత ఊళ్లో అప్పు తీర్చడానికి, కొంత ఆడపిల్ల పెళ్లికి పోగా మిగిలిందే మీ రెండు బాండ్లు. పాతికేళ్లు ఆగితే ఒక్కోటి లక్ష అని మీ ఏజెంటు నాయ్‌గావ్ బీడీడీ చాళ్‌లో ఖోలీ ఖోలీకి, అంటే గది గదికీ తిరిగి చెప్పాడు.

ఆ రోజుల్లో చాళ్లలో జనం అంత తేలిగ్గా ఎందుకు నమ్మారో మీకు గుర్తుండాలి. 1992లో ఐడీబీఐ 2,700 రూపాయలకు బాండు అమ్మి, పాతికేళ్లకు లక్ష ఇస్తామంది. మరుసటి ఏడాది సర్దార్ సరోవర్ నర్మదా నిగమ్ 3,600 కట్టండి, ఇరవై ఏళ్లకు 1,11,000 అంది. పేపరు తెరిస్తే ఆ ప్రకటనలే. జీవితంలో లక్ష రూపాయలు ఒక్కచోట చూడని మనిషికి అంతకు మించిన ఆశ ఏముంటుంది? అవి ప్రభుత్వాల అండ ఉన్న సంస్థలు. వాటి మీద జనానికి కలిగిన నమ్మకాన్ని వాడుకుని వెనకాలే మీలాంటి ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. కాగితం అదే దళసరి, అచ్చు అదే తీరు, లక్ష అన్న అంకె అంతే పెద్దది.

ఆ పెద్ద సంస్థలు కూడా ఆడిన మాట మీద చివరిదాకా నిలబడలేదు. ఐడీబీఐ 2002లోనే 12,000 చేతిలో పెట్టి బాండ్లు వెనక్కి తీసుకుంది. ఆ హక్కు షరతుల్లో ముందే ఉంది కాబట్టి దాన్ని తప్పనలేం. నర్మదా బాండ్ల సంగతి అలా కాదు. 2008లో గుజరాత్ ప్రభుత్వం అందుకోసమే ఒక చట్టం చేసి, 2009లో 50,000 ఇచ్చి ముగించేసింది. 2014 దాకా ఓపిక పడదామనుకున్నవాళ్లలో చాలామంది మాట్లాడే దారి లేక ఊరుకున్నారు. వడ్డీ రేట్లు పడిపోయాయి, భారం మోయలేకపోయాం అన్నది వాళ్ల వాదన. ఆ భారం వడ్డీలు పెరిగితే మదుపరి మోసేవాడు, తగ్గితే వాళ్లు మోయాలి. ఒప్పందం అంటే అదే కదా. అయినా ఒక్కటి ఒప్పుకోవాలి. వాళ్లు ఏదో ఒక మొత్తం ప్రకటించారు, ఏదో ఒక తేదీ చెప్పారు. మీరు ఆ రెండూ చేయలేదు.

మా చిన్నమ్మ ఆ బాండ్లు వచ్చిన రోజున మూలకు పసుపు పెట్టి, దేవుడి పటం ముందు ఉంచి, ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచింది. చిన్నాయన పోయాడు. బాండ్లు ఇద్దరి పేరునా ఉన్నాయి, ఇద్దరిలో ఎవరు మిగిలితే వాళ్లకు చెల్లిస్తామని మీరే అచ్చు వేశారు. గడువు తీరిన నెలలోనే ఆమె కాగితాలు పట్టుకుని మీ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి నుంచి మీరు పెట్టిన తిప్పలే ఈ లేఖకు అసలు కారణం.

బాండు మీద చిన్నాయన పేరు మన తెలుగు పద్ధతిలో ఉంది, ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఆధార్ కార్డు మీద మహారాష్ట్ర పద్ధతిలో ఉంది, ముందు పేరు, మధ్యన తండ్రి పేరు, చివర ఇంటిపేరు. చిన్నమ్మకైతే మధ్యలో భర్త పేరు చేరింది. కామాఠీపురలో, వర్లీలో, నాయ్‌గావ్‌లో, దాదర్‌లో తరతరాలుగా బతుకుతున్న తెలుగువాళ్లందరి కాగితాలూ ఇంతే. ఊరి రికార్డులో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, మిల్లు పాసులో ఇంకోలా ఉంటాయి. కామాఠీపురకు ఆ పేరు తెచ్చినవాళ్లే నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ నగరం కట్టిన మన కామాఠీ కూలీలు. వాళ్ల వారసుల పేర్లు రెండు పద్ధతుల్లో ఉంటాయని డబ్బు తీసుకునేటప్పుడు మీకు తెలుసు. అప్పుడు లేని అభ్యంతరం తిరిగి ఇచ్చేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

పేర్లు వేరైనా మనిషి ఒకరేనని అఫిడవిట్ ఇచ్చాం. తర్వాత చిరునామా కలవలేదన్నారు. బీడీడీ చాళ్ల పునర్నిర్మాణంలో భాగంగా ఆమె ఖోలీ ఖాళీ చేసి ట్రాన్సిట్ ఇంటికి మారింది. ఆ సంగతి రుజువు చేసే ప్రభుత్వ కాగితం జతచేశాం. తర్వాత సంతకం తేడా అన్నారు. ఆమె తెలుగులో సంతకం చేస్తుంది, మునిసిపాలిటీ తెలుగు బడిలో నేర్చుకున్న సంతకం. పాతికేళ్లలో చేతికి వణుకు వచ్చింది. బ్యాంకు మేనేజరు ముందు సంతకం చేయించి, ముద్ర వేయించి పంపాం. అప్పుడు మరణ ధ్రువపత్రం మరాఠీలో ఉంది, ఇంగ్లీషులోకి మార్చి నోటరీ చేయించమన్నారు. అదీ చేశాం. ఇవన్నీ మొదటి ఉత్తరంలోనే ఒక్కసారిగా అడగవచ్చు. మీరు ఒక్కొక్కటిగా అడిగారు, ఒక్కోదానికీ నెలలు తీసుకున్నారు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది బాండు వెనకవైపు. అక్కడ రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, సొమ్ము పూర్తిగా ముట్టింది అన్న వాక్యం కింద సంతకం చేసి, అసలు బాండునే మీకు పంపాలి. సొమ్ము ముట్టకుండానే ముట్టినట్టు సంతకం పెట్టమంటారేమిటని చిన్నమ్మ పదేపదే అడిగింది. పద్ధతి అదేనని మీ ఆఫీసువాళ్లు చెప్పారు. ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని మీ మీద నమ్మకంతో మీ చేతుల్లో పెట్టింది. పేరు తేడా అంటూ మీరు దాన్ని వెనక్కి పంపినప్పుడు స్టాంపు మీద అడ్డగీత ఉంది, పసుపు మరక మీద మీ ఇన్‌వార్డ్ ముద్ర ఉంది. చెల్లించామని మీరు రేపు వాదిస్తే తన సంతకమే తనకు ఎదురు తిరుగుతుందేమోనన్న భయం ఆమెకు నిద్ర లేకుండా చేసింది. అందుకే కమిషన్‌కు వెళ్లాం.

పరేల్‌లోని పురవఠా భవన్‌లో ఉన్న కమిషన్ ఆఫీసు దాదర్‌కు దగ్గరే, డెబ్బై దాటిన మోకాళ్లకు మాత్రం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం పుణ్యమా అని ఫిర్యాదుదారు తాను ఉన్నచోటే కేసు వేసుకోవచ్చు, మీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు. వకీలు కూడా తప్పనిసరి కాదు. ఆ చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్నది మా చిన్నమ్మలాంటి మనిషేనని నేను నమ్ముతాను.

అసలు ఆమె వినియోగదారే కాదని మీ జవాబులో రాశారు. మదుపు పెట్టడం వ్యాపారమట, లాభం కోసం కొన్న బాండుకు ఈ చట్టం వర్తించదట. 1994 నాటి మోర్గాన్ స్టాన్లీ తీర్పును అడ్డం పెట్టుకున్నారు. ఆ తీర్పు నేనూ చదివాను. మ్యూచువల్ ఫండ్ యూనిట్లకు దరఖాస్తు చేసి, ఇంకా కేటాయింపు జరగని వ్యక్తి గురించి సుప్రీంకోర్టు చెప్పిన మాట అది. మా చిన్నాయన దరఖాస్తుదారు కాదు. డబ్బు కట్టాడు, బాండు తీసుకున్నాడు, ఏళ్ల తరబడి ఆగాడు, మీ మాట నెరవేరకముందే పోయాడు. డిపాజిట్ తీసుకుని గడువు తీరాక తిరిగి ఇవ్వకపోవడం సేవాలోపమేనని జాతీయ కమిషన్ 1993లోనే తేల్చింది. అప్పటి నుంచి ఎన్నో కమిషన్లు అదే దారిలో నడిచాయి. మిల్లు సొమ్ము ముసలితనానికి దాచుకున్న మనిషిని వ్యాపారి అనడానికి మీకు నోరెలా వచ్చింది?

జవాబు దాఖలు చేయడానికి చట్టం 30 రోజులిచ్చింది, కమిషన్ దయతలిస్తే మరో 15. అంతకు మించి ఒక్కరోజు కూడా కుదరదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కచ్చితంగా చెప్పింది. మీరు ఆ చివరి అంచు దాకా ఆగి దాఖలు చేశారు. అది మీ హక్కు అనుకుందాం. ఆ తర్వాత మొదలైనవి వాయిదాలు. ఒకసారి వకీలు మారాడు, ఒకసారి ఫైలు రాలేదు, ఇంకోసారి సంతకం చేయాల్సిన అధికారి సెలవులో ఉన్నాడు. వస్తువుల పరీక్ష అక్కర్లేని కేసును మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటోంది. వాయిదా ఇస్తే కారణం రాయాలనీ అంటోంది. కమిషన్లలో ఖాళీలు భర్తీ కాక కేసులు పేరుకుపోవడం కూడా నిజమే. 2021లో సుప్రీంకోర్టు తనంత తానుగా దాని మీద కేసు చేపట్టాల్సి వచ్చింది. ఆ తప్పు ప్రభుత్వాలది. అయితే ఆ ఆలస్యం చాటున నిలబడి కాలం గడుపుతున్నది మీరు.

వాయిదా మీకు ఒక చిన్న దరఖాస్తు. ఆమెకు పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని, నా భుజం పట్టుకుని బస్సెక్కి, బల్ల మీద కూర్చుని, పేరు పిలిచినప్పుడు లేచి నిలబడి, తర్వాతి తేదీ కాగితం మీద రాయించుకోవడం. మంచినీళ్ల సీసా, రెండు ఇడ్లీల డబ్బా, బాండ్ల జెరాక్సులున్న చీరల షాపు సంచి ఆమె వెంట ఉంటాయి. అసలు బాండ్లు మాత్రం బయటికి తీయదు. మీ వకీలు కుర్రవాడు, మర్యాదస్తుడు, ఆమెను చూస్తే తల దించుకుంటాడు. అతని మీద నాకు కోపం లేదు. వాయిదా అడగమని అతన్ని పంపినవాళ్ల మీదే ఉంది.

వయసు మళ్లినవాళ్లతో కేసు నడిపే కంపెనీలకు కాలం కలిసొస్తుందని దాదర్ ఆంధ్ర మహాసభలో ఒక పెద్దాయన నాతో అన్నాడు. మనిషి పోతే వారసులు ముగ్గురు నలుగురవుతారు, ఒకరు కరీంనగర్‌లో, ఒకరు భివండీలో, వారసత్వ పత్రం తేవడానికి మళ్లీ ఏళ్లు. చాలామంది అక్కడే వదిలేస్తారు. మీరు ఆ లెక్క వేసుకున్నారని నేను అనను. మీ నడత మాత్రం ఆ లెక్కకు సరిపోతోంది.

మా బంధువుల్లో అగ్రిగోల్డ్‌లో కట్టినవాళ్లూ ఉన్నారు. సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు వీధిన పడితే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో, 2021లో ఖజానా నుంచి తీసి చిన్న మొత్తాలవాళ్లకు చెల్లించాల్సి వచ్చింది. 2019 సెప్టెంబరులో ఇదే ముంబయిలో పీఎంసీ బ్యాంకు ఖాతాదారులకు మొదట వెయ్యి రూపాయలకు మించి చేతికివ్వలేదు. ఆ సంస్థలు కుప్పకూలాయి. మీరు కూలలేదు. మీ ఆఫీసు నడుస్తోంది, మీ బోర్డు సమావేశాలు జరుగుతున్నాయి, వకీలు ఫీజులు కడుతున్నారు. లేక ఇవ్వకపోవడం వేరు, ఉండి ఇవ్వకపోవడం వేరు. అందుకే మీ మీద నాకు జాలి కలగడం లేదు.

ముందున్న దారి మీ వకీలు మీకు చెప్పే ఉంటాడు. తీర్పు మీకు వ్యతిరేకంగా వచ్చి, రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వెళ్లాలంటే తీర్పులో చెప్పిన సొమ్ములో సగం ముందు జమ కట్టాలి. ఆదేశం పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000కు తగ్గకుండా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంతదాకా పోవాలని మాకు లేదు. ఎవరినో జైల్లో చూడాలన్న కోరిక చిన్నమ్మకు ఏ కోశానా లేదు. ఆమె అడుగుతున్నది చిన్నాయన కష్టార్జితం. అది తన కళ్లతో చూసుకుని, ఊళ్లో ఉన్న కూతురికి కొంత ఇచ్చి, తన మందులకు కొంత ఉంచుకోవాలని ఆమె అనుకుంటోంది.

కాబట్టి నేను అడిగేది ఇది. రెండు బాండ్ల పూర్తి మొత్తం, గడువు తీరిన రోజు నుంచి చెల్లించే రోజు దాకా వడ్డీ, కేసు ఖర్చులు కలిపి తర్వాతి విచారణ తేదీలోగా కమిషన్‌లో జమ చేయండి, లేదా ఆమె ఖాతాలో నేరుగా వేయండి. ఖాతా వివరాలు, రద్దుచేసిన చెక్కు ఫిర్యాదుకు జతచేసిన కాగితాల్లో ఉన్నాయి. సొమ్ము ఖాతాలో పడిన రోజునే అసలు బాండ్లు రెండూ మీ ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకుంటాం. వెనకవైపు మళ్లీ సంతకం చేయాల్సి వస్తే అప్పుడే చేస్తుంది.

ఇట్లు,
ఫిర్యాదుదారు అక్క కొడుకు,
దాదర్, ముంబయి