స్మార్ట్ వాచీ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
చేతి వాచి నాడి చెప్పును నిమిషాన
నిద్ర లెక్క దెలుపు నిజము గాను
పాఠ మెంత యెక్కె బైట పెట్టగలేదు
పచ్చ వెలుగు చూచి భ్రమయ వలదు

అవతారిక: పిల్లలందరికీ స్మార్ట్ వాచీలు కొందామా వద్దా తేల్చమని ఒక బడి కమిటీ వేసింది. డెమో చూసి మురిసిపోతున్న సభ్యులతో లెక్కల మాస్టారు అన్న పద్యమిది.

ప్రతిపదార్థం: చేతి వాచి = మణికట్టుకు కట్టిన స్మార్ట్ వాచీ; నిమిషాన = నిమిషంలో (చార్జింగు ఉంటే అని అధ్యాహారం); నాడి చెప్పును = గుండె వేగం చూపును; నిజము గాను = నిజమే అన్నంత ధీమాగా; పాఠము = భిన్నాల కూడిక మొదలైనది; ఎంత యెక్కె = బుర్రకు ఎంత పట్టిందో; బైట పెట్టగలేదు = చెప్పజాలదు; పచ్చ వెలుగు = వాచీ అడుగున మిణుకుమనే దీపం; భ్రమయ వలదు = కొనుగోలు ఆర్డరు మీద సంతకం చేయరాదు.

తాత్పర్యం: ఆ పచ్చ వెలుగు చర్మం మీద పడుతుంది. నెత్తురు పోటెత్తినప్పుడల్లా అందులో ఎంత లోపలే ఇంకిందో చూసి వాచీ నాడి లెక్క కడుతుంది. కానీ నాడిని బట్టి పాఠం తెలియదు: లెక్క వచ్చి చెయ్యెత్తేవాడి గుండె, ఎక్కడ లేపుతారోనని ముందువాడి వీపు చాటున నక్కేవాడి గుండె ఒకే వేగంతో కొట్టుకోవచ్చు. ఆటల పీరియడ్లో మాత్రం వాచీ అక్కరకొస్తుంది: పరుగుకు ముందూ తర్వాతా నాడి చూసి పిల్లలే గ్రాఫు గీసుకోవచ్చు.

విశేషాలు:
1. ‘వాచి’ ఉపలక్షణం; తలపట్టీలూ గ్రాహ్యం. చైనాలోని జిన్‌హ్వాలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లల తలలకు మెదడు తరంగాలను పసిగట్టే పట్టీలు కట్టింది. నుదుటి దీపం రంగే శ్రద్ధకు కొలత. 2019లో ఆ పట్టీల మీద ఒక వీడియో బయటికొచ్చి గోలయ్యాక ఆపేశారు.
2. ‘చెప్పును’ సరే, ఎవరికి? పద్యంలో లేదు, కమిటీయే అడగాలి. చుట్టుపక్కల మాటలు చాటుగా వినిపించే పిల్లల వాచీలను జర్మనీ 2017లో నిషేధించింది. తరగతిలో టీచర్ల మాటలను తల్లిదండ్రులు వాటితో ఆలకించేవారట.
3. అలంకారం విరోధాభాసం: చదువు కోసమని ఏడాదంతా కట్టించిన వాచీని నీట్ పరీక్ష గుమ్మంలో విప్పించేస్తారు.

ఫలశ్రుతి: ‘ఇది కొలిచేదేమిటి, ఆ అంకె ఎవరికి చేరుతుంది, దాన్ని చూసి రేపటి పాఠం ఎలా మారుస్తాం’ అని అడిగిన కమిటీకి ఖర్చు తగ్గును. అడగని కమిటీ చార్జర్లు దాచడానికి బీరువా కూడా కొనవలసివచ్చును.