కండ్లు పోతాయిరా అబ్బీ!

ప్రొద్దుటూరు దసరా ఎగ్జిబిషన్‌లో మైదుకూరు పిల్లోడెవడైనా కళ్లకు వర్చువల్ రియాలిటీ (వీఆర్) డబ్బా తగిలించుకుంటే చాలు, చుట్టూ ఉన్న పెద్దలంతా కంటి డాక్టర్లయిపోతారు. "తీయ్‌రా అబ్బీ, కండ్లు పోతాయి! తెర కంటికి అతుక్కోనుంది" అని ఒకాయన. బ్రహ్మంగారు ఇదంతా ఎప్పుడో చెప్పినాడని ఇంకొకాయన. (ఆయన మఠం పక్కనే ఉన్నందుకు మనకిదో సౌకర్యం. కొత్తది ఏదొచ్చినా కాలజ్ఞానం ఖాతాలో రాసేయొచ్చు, పుస్తకం తెరవక్కర్లేదు.)

తెర దగ్గరే, నిజం. నడుమ కటకాలున్నాయి. అవి బొమ్మను మీటరున్నర, రెండు మీటర్ల దూరానికి నెడతాయి. అంటే తిట్టే పెద్దాయన చేతిలోని సెల్‌ఫోన్ కన్నా దూరం. అసలు పేచీ వేరు. బొమ్మలో పులి ముక్కు మీదికి దూకితే కనుగుడ్లు రెండూ లోపలికి తిరుగుతాయి. కంటిలోని కటకం మాత్రం ఆ రెండు మీటర్ల దగ్గరే నిలబడాలి. అందుకే కళ్లు లాగుతాయి, తల తిరుగుతుంది. రెప్ప వేయడం మరిచి మంటలు.

అమ్మేవాళ్లూ తక్కువవాళ్లు కాదు. 13 ఏళ్లు నిండనిదే తగిలించొద్దన్న మెటా కంపెనీ 2023లో 10 ఏళ్లు చాలంది. పిల్లల కళ్లు తొందరగా ముదిరాయో, గిరాకీ ముదరలేదో! ఇంకో తమాషా: సోమరి కన్ను (లేజీ ఐ) ఉన్న 4 నుంచి 7 ఏళ్ల పిల్లలకు ఈ డబ్బాలోనే వీడియోలు చూపించే వైద్యానికి అమెరికా 2021లో అనుమతిచ్చింది. కండ్లు పోగొట్టే డబ్బాకు ఎంత అప్రదిష్ట!

2019 అక్టోబరులో అనంతపురంలో రాష్ట్ర ప్రభుత్వం వైఎస్సార్ కంటి వెలుగు పథకం మొదలుపెట్టి, ముందుగా బడిపిల్లల కళ్లే పరీక్షించారు. అద్దాలూ ఇచ్చారు. ఆ పిల్లల్లో ఎందరి ఇళ్లలో వీఆర్ డబ్బా ఉందంటారు?

మరి లోపం ఎక్కడుంది? చైనాలో గ్వాంగ్‌జౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ ఇంకో 40 నిమిషాలు ఆరుబయట వదిలారు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు నూటికి 30 మంది. వదలని బడుల్లో 40 మంది దాకా. 2015లో అచ్చయిన లెక్క ఇది. కడప జిల్లాలో దేనికి కరువొచ్చినా ఎండకు రాలేదు. అది పిల్లల మీద పడకుండా నాలుగంతస్తుల రెసిడెన్షియల్ స్కూళ్లు కట్టుకున్నాం, తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదికి స్టడీ అవర్.

డబ్బా తీయమన్న ఆ పెద్దాయనే మనవణ్ణి చేర్చడానికి అట్లాంటి స్కూలుకే పోతాడు.

"ఆటల పీరియడ్ ఉందా సార్?"

"ఉందండీ. అందులో లెక్కలు చెప్తాం."

"అట్లయితే ఫీజు ఎంతో చెప్పండి."