కొత్త కంప్యూటర్‌కి పాత లినక్సే పెట్టండి

కొత్త మదర్‌బోర్డు, కొత్త ప్రాసెసర్ కొన్నవాళ్లకి ఎవరైనా ఒకటే చెబుతారు: డేటా బ్యాకప్ తీసుకో, ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేసుకో. ఆ మాట వినకండి. పాత మెషీన్లోంచి డిస్కు విప్పి కొత్తదాన్లో బిగించి ఆన్ చెయ్యండి. అంతకుముందు ఏ సన్నాహాలూ వద్దు. డ్రైవర్లు తీసెయ్యడం, సెట్టింగులు ముందే సవరించడం ఏదీ వద్దు. బూట్ కాకపోతే కాకపోనివ్వండి. బూట్ కానంత మాత్రాన డిస్కులో ఉన్నది ఎక్కడికీ పోదు. డేటాకి రెండో నకలు వేరేచోట ఎప్పుడూ ఉండాల్సిందే, అది మెషీన్ మారుస్తున్నాం కదా అని చేసే పని కాదు.

ఫ్రెష్ ఇన్‌స్టాల్ మనకి విండోస్ నేర్పిన అలవాటు. అక్కడ మదర్‌బోర్డు మారితే లైసెన్సు యాక్టివేషన్ కూడా మళ్లీ అడగొచ్చు. లినక్స్ కెర్నెల్ ఆన్ చేసిన ప్రతిసారీ ఎదురుగా ఏ హార్డ్‌వేర్ ఉందో కొత్తగా చూసుకుంటుంది, దానికి తగిన మాడ్యూళ్లని యూడెవ్ ఎక్కిస్తుంది. ఇంటెల్, ఏఎండీ, సాటా, ఎన్‌వీఎంఈ, యూఎస్‌బీ డ్రైవర్లు చాలావరకు మీ డిస్కులో ముందే ఉన్నాయి. డెబియన్, ఉబుంటుల్లో బూట్ మొదట్లో డ్రైవర్లని అందించే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మామూలుగా ఎక్కువ హార్డ్‌వేర్‌కి సరిపడేట్టే తయారవుతుంది. అందుకే పదేళ్ల నాటి ఇంటెల్ డెస్క్‌టాప్ డిస్కు రైజెన్ బోర్డు మీద ఏ గొడవా లేకుండా లేవడం వింతేమీ కాదు. ఫెడోరా మాత్రం అందులో ఆ మెషీన్‌కి కావలసినవే పెట్టుకుంటుంది కాబట్టి మొదటిసారి మెనూలో రెస్క్యూ ఎంట్రీతో లేపి, దాన్ని డ్రాకట్‌తో మళ్లీ తయారు చెయ్యాలి.

లేవలేదనుకోండి. మంచిదే, ఎక్కడ ఆగిందో చూడండి. గ్రబ్ మెనూలో ఆ ఎంట్రీని ఎడిట్ చేసి ‘క్వయట్’, ‘స్ప్లాష్’ మాటలు చెరిపేస్తే కెర్నెల్ చేసే పనంతా తెర మీద కనిపిస్తుంది.

అసలు డిస్కే లేదని బోర్డు అంటే, తప్పు డిస్కుది కాదు. యూఈఎఫ్‌ఐ మెషీన్లలో ఫలానా చోటి నుంచి బూట్ చెయ్యాలన్న ఎంట్రీ మదర్‌బోర్డులోని ఎన్‌వీరామ్‌లో ఉంటుంది. అది పాత బోర్డుతోనే ఉండిపోయింది. కొత్త బోర్డు ఈఎఫ్‌ఐ పార్టిషన్లో ఒక నిర్ణీత ఫైలు కోసమే వెతుకుతుంది. ఉబుంటు సాధారణంగా అక్కడ ఒక నకలు ఉంచుతుంది, డెబియన్ తనంతట తాను ఉంచదు. లైవ్ యూఎస్‌బీతో లేచి, పాత రూట్‌నీ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌నీ మౌంట్ చేసి, దాని కింద డెవ్, ప్రాక్, సిస్‌లను వాటి లోపలి మౌంట్లతో సహా బైండ్ చేసి, క్రూట్ చేసి గ్రబ్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యండి. ఈ ఒక్క పని చేతికి వస్తే సగం భయం పోతుంది. పాత సిస్టమ్ బయోస్ పద్ధతిలో ఉంటే ఫ్యాట్32 పార్టిషన్ ఒకటి కొత్తగా చేసి, గ్రబ్ ఈఎఫ్‌ఐ ప్యాకేజీ వేసుకోవాలి.

గ్రబ్ దాటాక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతే రూట్ డిస్కు దొరకలేదన్నమాట. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోనో, గ్రబ్‌లోనో యూయూఐడీకి బదులు ఎస్‌డీఏ లాంటి పేరు రాసి ఉండొచ్చు. లేదా బోర్డు సెటప్‌లో స్టోరేజీ రెయిడ్ మోడ్‌లో ఉండొచ్చు, ఏహెచ్‌సీఐకి మార్చి చూడండి. డెస్క్‌టాప్ వచ్చి నెట్ రాకపోతే కార్డు పేరు మారి ఉండొచ్చు. స్లాట్‌ని బట్టి పేరు పెట్టే పద్ధతిలో స్లాట్ మారితే పేరూ మారుతుంది, ఉబుంటులో అయితే నెట్‌ప్లాన్ ఫైల్లో ఆ ఒక్క పదం దిద్దితే చాలు. తెర నల్లగా ఉండిపోతే ముందుగా పాత ఎన్‌విడియా డ్రైవర్‌ని అనుమానించండి. మరీ కొత్త ల్యాప్‌టాప్‌లో వైఫై కనిపించకపోతే కొత్త కెర్నెల్, ఫర్మ్‌వేర్ వెయ్యాలి. దానికీ ఫ్రెష్ ఇన్‌స్టాల్ అక్కర్లేదు. గుప్తీకరించిన డిస్కుని టీపీఎం చిప్పు తెరుస్తుంటే, ఆ చిప్పు పాత బోర్డుతోనే ఉండిపోతుంది. కాబట్టి పాస్‌ఫ్రేజ్ గుర్తుండాలి.

చెత్త పేరుకుపోయింది, ఈ వంకతో శుభ్రం చేసుకుందామంటారు. వద్దు. వాడని ప్యాకేజీ డిస్కులో చోటు తింటుందేగానీ మెషీన్‌ని నెమ్మది చెయ్యదు. నెమ్మది చేసేవి వెనక నడిచే సర్వీసులు, వాటిని ఒక్కొక్కటిగా ఆపొచ్చు. పైగా మెషీన్ మార్చిన రోజే శుభ్రం చేస్తే, ఏదైనా చెడినప్పుడు హార్డ్‌వేర్ వల్లా, మీ చీపురు వల్లా అన్నది తేలదు. వెర్షన్ అప్‌గ్రేడ్ కూడా అదే రోజు పెట్టుకోకండి.

ఈటీసీ డైరెక్టరీ తెరిచి చూడండి. ప్రింటర్‌ని మాట వినేట్టు చేసిన వరుస, రాత్రి బ్యాకప్ తీసే క్రాన్, డేటాబేస్‌కి మీరు పెట్టిన పరిమితులు, అన్నీ అక్కడున్నాయి. హోమ్‌లో ఐబస్ తెలుగు కీబోర్డు అమరికలు, వెతికి తెచ్చుకున్న పోతన ఖతి, ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు ఉన్నాయి. ఏ ప్యాకేజీలు ఉన్నాయో ఆప్ట్ జాబితా ఇస్తుంది. ఎందుకు పెట్టుకున్నారో, ఎలా మార్చుకున్నారో ఏ జాబితా ఇవ్వదు. ఇన్నేళ్ల మీ ఆలోచనని ఒక ఇన్‌స్టాలర్‌కి బలి ఇవ్వడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

పాత సాటా నుంచి కొత్త ఎన్‌వీఎంఈకి మారాలంటే డీడీ జోలికి పోకండి. అది ఖాళీ చోటుని కూడా మోస్తుంది, యూయూఐడీలనూ అలాగే దింపుతుంది. రెండు డిస్కులూ తగిలించి ఉంటే ఏది మౌంట్ అయిందో తెలియదు. లైవ్ యూఎస్‌బీ నుంచి ఆర్‌సింక్ చెయ్యండి. చిన్న ఎ, పెద్ద ఎ, పెద్ద ఎక్స్, పెద్ద హెచ్ ఇస్తే అనుమతులు, ఏసీఎల్‌లు, అదనపు లక్షణాలు, హార్డ్ లింకులు అన్నీ వస్తాయి. తర్వాత ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో కొత్త యూయూఐడీలు రాసి, క్రూట్ చేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌నీ గ్రబ్‌నీ తాజా చెయ్యండి.

పాత మెషీన్ పేరు కూడా మార్చకండి. రెండు మెషీన్లూ కొనసాగేట్టయితేనే ఒకదానికి కొత్త పేరు, కొత్త మెషీన్ ఐడీ, కొత్త ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు ఇవ్వండి.

ఈ దారి మూసుకుపోయే చోట్లు కూడా ఉన్నాయి. ఇంటెల్ తరహా పీసీలో పెట్టినది రాస్ప్‌బెర్రీ పై లాంటి ఆర్మ్ మెషీన్ మీద లేవదు. 32 బిట్ సిస్టమ్ 64 బిట్ ప్రాసెసర్ మీద నడుస్తుందిగానీ, 2025లో వచ్చిన డెబియన్ 13 పాత 32 బిట్ పీసీలకి కెర్నెల్‌నీ ఇన్‌స్టాలర్‌నీ ఆపేసింది. ఆర్మ్‌కి మారినా, 32 బిట్ నుంచి డెబియన్ 13కి వెళ్లాలన్నా కొత్తగా పెట్టుకోక తప్పదు. మిగతా అందరూ ముందు డిస్కు మార్చి చూడండి, ఆర్‌సింక్ చేసినవాళ్లు కనీసం ఆరునెలల దాకా పాత డిస్కుని తుడవకండి.