చెంబెడు భైరవకోన నీళ్లు

నేను వెలిగండ్లలో ఒక ఇంటి ఇత్తడి చెంబును. నా మూతి అంచున బొటనవేలంత సొట్ట ఉంది. అది భైరవకోనలో పడింది.

మా అవ్వ నన్ను పుట్టింటి నుంచి తెచ్చుకుంది. నా కడుపులో ఎక్కువగా పోసింది బోరు నీళ్లే. ఈ ప్రాంతపు బోర్లు చాలావాటిలో ఫ్లోరైడ్ ఉంది. నేల అడుగున రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి అది దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మనిషి ఒంటికి చేటు. కాచినా పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అవ్వ మోకాళ్లు ఎందుకు వంగడం లేదో ఇంట్లో అందరికీ తెలుసు.

అందుకే అవ్వకు భైరవకోన నీళ్లంటే అంత ప్రాణం. కార్తీక పౌర్ణమికి మనవడిని వెంటబెట్టుకుని, నన్ను సంచిలో వేసుకుని బయల్దేరింది. సి.ఎస్.పురం దాటాక అంబవరం కొత్తపల్లె, ఆ తర్వాత నల్లమల కొండల్లోకి దారి. ఒకే కొండను తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలున్నాయి అక్కడ. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తరం. పౌర్ణమి రాత్రి చంద్రకాంతి అక్కడి దుర్గమ్మ విగ్రహం మీద పడుతుందంటారు. అవ్వ అన్నిటికీ దండం పెట్టింది కానీ, చెవి మాత్రం నీళ్ల చప్పుడు వైపే.

గుళ్ల దగ్గర్నుంచి జలపాతం దాకా నడక కొంచెమే. ఆ కొంచెమే అవ్వకు కొండంత. పాచి పట్టిన రాళ్లు, వాటి మీద తడి ఆకులు. ఒక చేత్తో మనవడి భుజం పట్టుకుంది, రెండో చేతిలో నేను. చాలా ఎత్తు నుంచి నీళ్లు దూకుతున్నాయి. తుంపర మొహాన కొట్టగానే అవ్వ కాలు జారింది.

“అవ్వా, గట్టిగా పట్టుకో!” అన్నాడు వాడు.

“ముందు చెంబు పట్టుకోరా అబ్బయ్యా!” అంది.

అప్పటికే నేను రాతికి తగిలాను. దొర్లుతూ పోయి నీళ్లలో పడ్డాను. ఒంటి నిండా చల్లదనం. వాన పడి కొండవాలున పరుగెత్తి వచ్చిన నీళ్లవి, రాతిలో నానేంత తీరిక లేనివి. బోరు నీళ్ల ఉప్పదనం వాటిలో లేదు. వాడు నన్ను తీసి, ముంచి, అవ్వకు అందించాడు. ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది.

మా పక్కనే రాళ్ల సందులో ఖాళీ ప్లాస్టిక్ సీసాలు ఇరుక్కుని ఉన్నాయి. మనవడు అందినన్ని ఏరి అవ్వ సంచిలో వేశాడు. నాకు చోటు లేకపోయింది. అలా వాడి చేతిలోనే వెలిగండ్లకు తిరిగొచ్చాను.

ఈ ఏడు అవ్వ గడప దాటలేదు. వాడొక్కడే నన్ను తీసుకెళ్లి నింపుకొచ్చాడు. భైరవకోనకు వచ్చే అయ్యలారా, అమ్మలారా! మీరు ఆడుకునే ఆ నీళ్ల కోసం మా ఊళ్లో ఒక ముసలామె ఏడాదంతా ఎదురుచూస్తుంది. తెచ్చిన సీసాలు మీతోనే వెనక్కి తీసుకెళ్లండి.