ఐపీఎల్ పందేల యాప్ గారికి

అయ్యా యాప్ గారూ,

మాది భీమవరమండి, ఆయ్. ఎంత కోపమొచ్చినా ‘అండీ’ తగిలించకుండా తిట్టడం మాకు చేతకాదు, సర్దుకోండి.

నిన్న రాత్రి మళ్లీ కబురంపారు. ఐదొందలు కడితే ఇంకో ఐదొందలు బోనసట. కొసరి కొసరి వడ్డించడంలో పేరుపడ్డ మావాళ్లు కూడా ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఇంతలా బతిమాలరండి.

పందెం మాకు కొత్త కాదులెండి. సంక్రాంతి మూడు రోజులూ మా చుట్టుపక్కల కోడిపందేల బరులెలా నడుస్తాయో లోకానికి తెలుసు. అది నేరమే, కోర్టులు చెప్పినా వినని నేరం. అయినా బరిలో డేగేదో నెమలేదో కంటికి కనపడుతుంది. అవతల కాసినవాడు ఎదురుగానే నిలబడి ఉంటాడు. మీ బరిలో ఎదుటివాడెవరండీ? అటు వంద, ఇటు వంద కట్టించుకుని గెలిచినవాడి చేతిలో నూట తొంభై పెడతారు. పది మీకు. ఏ పుంజు చచ్చినా పండగ మీదే.

పోనీ ఆటకేమైనా పెడతారా? 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. మ్యాచ్‌కి సుమారు 118 కోట్లు, అంటే బంతికి దాదాపు అర కోటి! అందులో బోర్డు తింటుంది, జట్లు తింటాయి, ఆటగాడికీ ఇంత దక్కుతుంది. మా తమ్ముడు మీకు కట్టిన రూపాయి మాత్రం మైదానంలో ఒక్క గడ్డిపరకనీ తడపలేదు.

వాడి సంగతే చెప్తా. 2024 ఏప్రిల్ 15న బెంగళూరులో మన సన్‌రైజర్స్ 287 కొట్టిన రాత్రి టీ కొట్టంతా గంతులేస్తుంటే వాడొక్కడే తల దించుకు కూర్చున్నాడు. మొదటి ఆరు ఓవర్లలో పెద్దగా పరుగులు రావని కట్టాట్ట. రొయ్యల చెరువు లీజుకి దాచిన సొమ్ము. సొంత జట్టు సిక్సర్ కొడితే గుండె జారే మనిషిని తయారుచేశారండి మీరు! డబ్బు కంటే నాకదే ఎక్కువ మండింది. అదే వాడు, 2023లో మన అమలాపురం సాత్విక్, చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో స్వర్ణం కొట్టినప్పుడు వీధంతా మిఠాయి పంచాడు. ఆ ఆట మీద వాడు రూపాయి కాయలేదు మరి.

మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ పందేలు వద్దంది. 2025 ఆగస్టులో పార్లమెంటూ డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపేసింది. దాంతో మన క్రికెట్ జట్టు చొక్కాల మీద డ్రీమ్11 పేరు చెరిగిపోయి, ఆసియా కప్‌లో మనవాళ్లు బోసి చొక్కాలతో ఆడారు. అంత పెద్ద కంపెనీయే తప్పుకుంది. మీరు మాత్రం వారానికో పేరుతో, కొత్త నంబరు నుంచి దిగుతున్నారు.

తమ్ముడిప్పుడు ఫోను అమ్మ చేతికిచ్చి మ్యాచ్ చూస్తున్నాడు. మీ బోనస్ కబురు ఆ ఫోనుకే వచ్చింది. అమ్మకి చదువు రాదు, లీజు డబ్బు సంగతీ తెలియదు. ఏం రాశారో చదివి పెట్టమంది.

బ్యాంకువాళ్లని చెప్పానండి.