పావలా తక్కువ మూడు

కీసరలో సెల్‌ఫోన్లు బాగుచేసే మా రివ్యూ అన్న ఏ సినిమాకూ మూడు మార్కులివ్వడు. రెండున్నర ఇస్తే హీరో అభిమానులు కొట్టు మీదికొస్తారు, మూడిస్తే తన పరువు పోతుంది. అందుకే ఎప్పుడూ 2.75. ఆ పావలా ఎందుకు కోశావంటే, "అది ఫీల్ తమ్మీ, చెప్తే సమజ్ కాదు" అంటాడు.

శుక్రవారం పొద్దున ఈసీఐఎల్ రాధికలో ఉంటాడు. తెర మీద హీరో పుట్టకముందే ఫోన్లో "ఫస్టాఫ్ ఓకే" పడిపోతుంది. ఇంటర్వెల్లో సమోసా నములుతూ "సెకండాఫ్ ల్యాగ్" కొట్టేస్తాడు. చూడకుండానే ఎట్ల తెలిసిందన్నా అంటే, "ఎన్నడు సాగలే చెప్పు?" అని ఎదురడుగుతాడు. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఓ రాత్రి టీవీలో 'మాయాబజార్' వేశారు. అన్న చివరిదాకా చూసి, "భారతం కథన్నరు, పాండవులేరి? మెయిన్ లీడ్సే మిస్సింగ్" అని తేల్చాడు. పాండవులను ఒక్కసారీ చూపించకుండా వాళ్లింటి పెళ్లి కథను మూడు గంటలు నడిపించడమే 1957లో కేవీ రెడ్డి చేసిన గారడీ. అన్న చూడాల్సింది చూశాడు, మెచ్చుకోవాల్సిన చోట మార్కు కోశాడు. 1980 నాటి 'శంకరాభరణం'లో నడివయసు దాటిన సంగీత విద్వాంసుడిగా వేసింది, డిప్యూటీ కలెక్టర్‌గా పనిచేసిన సోమయాజులు. దాన్ని చూసి కూడా అన్న "ఎలివేషన్ లేదు, యూత్‌కు ఎక్కది" అన్నాడు. అది ఎంతమందికి ఎక్కిందో, ఎన్నాళ్లాడిందో తెలుగువాళ్లకు చెప్పాలా!

శివరాత్రికి కీసరగుట్ట జాతరకెళ్లినా ఇదే వరస: "క్రౌడ్ బ్లాక్‌బస్టర్, క్యూ ల్యాగ్, పులిహోర కనెక్టయింది."

మొన్న కొట్టు ముందు, నాచారం స్టూడియోలో సెట్లేసే వడ్రంగి పెద్దాయన నిలబడ్డాడు. కొత్త సినిమా ఎట్లుందే కాకా అనడిగాడు అన్న.

"హీరో గుద్దితే రౌడీ పడ్డడు, మంచిదే. ఎనక గోడ గూడ ఊగింది బిడ్డా. జమీందారు బంగ్లకు ప్లైవుడ్ దర్వాజ పెట్టిన్రు. అసొంటి ఇంట్ల ఆ ముసలమ్మ ఎంత ఏడ్సినా నాకు ఏడుపు రాలే."

అన్న అప్పటికే తలొంచుకుని టైపు చేస్తున్నాడు: "ప్రొడక్షన్ వాల్యూస్ వీక్. ఎమోషన్ కనెక్ట్ కాలేదు. 2.75."